మిద్దె మీద సంచులా, మడులా, పెరడా, రైతు బజారా: మీ ఇంటికి ఏది సరిపోతుంది?

తొలకరి పడగానే హైదరాబాద్, విజయవాడ, విశాఖ నర్సరీల ముందు బండ్లు ఆగుతాయి. గ్రో బ్యాగులు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఇటుకలు, పది రకాల విత్తనాల ప్యాకెట్లు పట్టుకుని జనం సంబరంగా ఇంటికి వెళ్తారు. ఏప్రిల్ వచ్చేసరికి ఆ సంచుల్లో చాలావరకు ఎండిన మట్టితో మిద్దె మూలకు చేరతాయి. ఆ ఇళ్లలో ఉత్సాహానికి లోటేమీ లేదు. తమ ఇంటికి, తమ రోజువారీ తీరికకు నప్పని పద్ధతి ఎంచుకోవడం వల్లే ఎక్కువ తోటలు మొదటి వేసవి దాటవు.

పట్నంలో ఇంటి కూరగాయలకు నాలుగు దారులున్నాయి. మిద్దె మీదో బాల్కనీలోనో సంచులు, కుండీలు పెట్టుకోవచ్చు. మిద్దె మీద శాశ్వతంగా మడులు కట్టుకోవచ్చు. ఇంటి చుట్టూ నేల ఉంటే పెరడు వేసుకోవచ్చు. మట్టి లేకుండా నీళ్లలో పెంచే హైడ్రోపోనిక్స్ ఒకటి. వీటికి తోడు ఐదో దారిని కూడా ఇక్కడ సమానంగా పోలుస్తున్నాను: దగ్గరి ఊళ్ల రైతు పండించింది నేరుగా కొనుక్కోవడం. తాజాగా, ఎవరు పండించారో తెలిసిన తిండి తినాలన్నదే మీ కోరికైతే, కొన్ని ఇళ్లకు మిగతా నాలుగింటికంటే ఇదే మేలు.

ముందు ఒక లెక్క

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మనిషి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు తినాలి. నలుగురికి రోజుకు 1.6 కిలోలు. ఏడాదికి 580 కిలోలు దాటుతుంది. పొలంలో బెండ, తోటకూర లాంటివి బాగా పండితే ఒక్కో పంటకు చదరపు మీటరుకు కిలో నుంచి కిలోన్నర వస్తాయి. ఏడాదికి మూడు పంటలు తీసినా, ఒక్క మొక్క కూడా చావకపోయినా, 580 కిలోలు పండాలంటే నడిచే దారులు కాకుండా 1400 నుంచి 2100 చదరపు అడుగుల మడి కావాలి. 200 గజాల ప్లాటు మొత్తం కలిపినా 1800 చదరపు అడుగులే.

అందుకే ‘ఇక కూరగాయలు కొనక్కర్లేదు’ అన్న ఆశతో మొదలుపెట్టొద్దు. పెద్ద మిద్దె, రోజుకు మూడు నాలుగు గంటల తీరిక ఉన్నవాళ్లు ఆ దరిదాపులకు వెళ్తారు. మిగతా అందరికీ ప్రశ్న వేరేలా ఉండాలి: ఏవి ఇంట్లో పండించాలి, ఏవి కొనాలి?

నా అభిప్రాయం స్పష్టంగా చెప్తాను. ఆకుకూరలు, కరివేపాకు, కొత్తిమీర, పచ్చిమిర్చి ఇంట్లో పండించండి. ఉల్లి, బంగాళాదుంప, క్యారెట్, క్యాబేజీ, టమాటాలో ఎక్కువ భాగం కొనుక్కోండి. ఆకుకూర కోసిన గంట నుంచే వాడిపోవడం మొదలవుతుంది. అంగడికి వచ్చేసరికి దాని రుచి సగం పోతుంది. పైగా అది ఏ నీళ్లతో పెరిగిందో కొనేవాళ్లకు తెలియదు. హైదరాబాద్ దిగువన మూసీ మురుగునీటితో ఆకుకూరలు, పశువులకు పారా గడ్డి పండించడం దశాబ్దాలుగా ఉన్నదే. ఇక స్థలం సంగతి చూస్తే, రోజు విడిచి రోజు ఆకుకూర వండే నలుగురి ఇంటికి నెలకు ఆరేడు కిలోలు చాలు. 60, 70 చదరపు అడుగుల్లో, ఆరంగుళాల లోతు మట్టిలో అది సాధ్యమే. బస్తా కోకోపీట్‌కు కూడా చాలని డబ్బుతో వచ్చే ఉల్లిగడ్డల కోసం మిద్దె అంతా నింపడం దండగ.

దేన్ని చూసి ఎంచుకోవాలి

మొదట శ్లాబ్. ఇది అన్నింటికంటే ముఖ్యం, అందరూ చివర చూసేదీ ఇదే. మనుషులు ఎక్కి తిరిగే డాబాకు మన దేశ ప్రమాణాల ప్రకారం ఇంజినీర్లు చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల బరువు లెక్కలోకి తీసుకుంటారు. అంటే చదరపు అడుగుకు 14 కిలోలు. తడిసిన మామూలు మట్టి ఘనపు అడుగు 45 నుంచి 50 కిలోలు తూగుతుంది. అడుగు లోతు మడి నిండా మట్టి పోస్తే శ్లాబ్ లెక్కకు మూడు రెట్లు దాటిపోయినట్టే. మట్టిలో కోకోపీట్, కంపోస్ట్ బాగా కలిపిన తేలిక మిశ్రమం తడిసినప్పుడు 28 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. దాన్ని ఆరంగుళాలే పోస్తే సరిగ్గా ఆ 14 కిలోల దగ్గర ఆగుతుంది. ఆకుకూరల ట్రేలు ఎక్కడైనా పెట్టుకోవచ్చు గానీ, లోతైన మడులు మాత్రం దూలాల మీద, గోడల మీద, పిల్లర్ల చుట్టూ మాత్రమే అని నేను గట్టిగా చెప్పేది ఈ లెక్క వల్లే. ఇల్లు పాతదైతే, శ్లాబ్ అడుగున పెచ్చులు ఊడి ఇనుము కనిపిస్తుంటే, ఇంజినీరు చూసేదాకా ఒక్క సంచి కూడా పైకి ఎక్కించొద్దు.

లీకేజీ పరీక్ష మీరే చేసుకోవచ్చు. నీళ్లు పోయే గొట్టాలకు గుడ్డ కుక్కి, డాబా మీద రెండంగుళాల నీళ్లు రెండు రోజులు నిలబెట్టి, కింది గదుల సీలింగు చూడండి. మరక వస్తే ముందు వాటర్‌ఫ్రూఫింగ్, తర్వాత తోట.

రెండోది ఎండ. కాయ కాసే మొక్కలకు రోజుకు ఐదారు గంటల నేరుగా పడే ఎండ కావాలి. ఆకుకూరలకు మూడు నాలుగు గంటలు చాలు. బాల్కనీ ఉత్తరం వైపు ఉంటే చలికాలమంతా సూర్యుడు అటు తొంగిచూడడు. అలాంటి చోట వంగ, టమాటా పెట్టి పూత రాలేదని బాధపడడం కంటే పుదీనా పెట్టుకోవడం మంచిది.

మూడోది నీళ్లు, వాటిని పోసే మనిషి. అడుగు వెడల్పు సంచికి మే నెలలో రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు పడుతుంది. నలభై సంచులంటే దాదాపు నాలుగు బకెట్లు, రోజూ. ట్యాంకర్ కోసం ఎదురుచూసే కాలనీలో ఇది చిన్న విషయం కాదు. అంతకంటే పెద్ద ప్రశ్న: పిల్లలకు సెలవులిచ్చారు, పది రోజులు ఊరెళ్తున్నారు, అప్పుడెవరు పోస్తారు? ఈ ప్రశ్నకు జవాబు లేని ఇంట్లో ఏ పద్ధతీ నిలబడదు.

మిగిలినవి డబ్బు, ఇల్లు సొంతమా అద్దెదా అన్నది. డబ్బు గురించి ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి. మొదటి రెండేళ్లు ఇంటి కూరగాయ అంగడి కూరగాయ కంటే చౌక కాదు. మీరు డబ్బు పెట్టేది తాజాదనానికి, మందులు కొట్టని నమ్మకానికి.

ఒక్క చూపులో

| | సంచులు, ట్రేలు | మిద్దె మీద మడులు | పెరటి నేల | హైడ్రోపోనిక్స్ | రైతు దగ్గర కొనడం |
|---|---|---|---|---|---|
| మొదటి ఖర్చు | తక్కువ, కొద్దికొద్దిగా పెట్టొచ్చు | ఎక్కువ | తక్కువ | చాలా ఎక్కువ | ఏమీ లేదు |
| శ్లాబ్ మీద భారం | మధ్యస్థం, జరుపుకోవచ్చు | ఎక్కువ, జరపలేం | లేదు | తక్కువ | లేదు |
| వేసవి నీళ్లు | రోజూ, కొన్నిసార్లు రెండు పూటలా | రోజూ ఒకసారి | రెండు మూడు రోజులకోసారి | తక్కువే, కరెంటు తప్పనిసరి | అక్కర్లేదు |
| బాగా వచ్చేవి | ఆకుకూరలు, మిర్చి, వంగ, బెండ | తీగలు, దుంపలు, అన్ని కూరగాయలు | చెట్లు, తీగలు, అన్నీ | పాలకూర, లెట్యూస్, కొత్తిమీర | సీజన్లో వచ్చే ప్రతిదీ |
| అద్దె ఇంటికి | సరిపోతుంది | వద్దు | యజమాని ఒప్పుకుంటే | కుదురుతుంది | సరిపోతుంది |
| నాలుగు రోజులు ఊరెళ్తే | డ్రిప్ లేకపోతే కష్టం | కొంత తట్టుకుంటుంది | తట్టుకుంటుంది | కరెంటు పోతే మొత్తం పోతుంది | టెన్షన్ లేదు |

సంచులు, కుండీలు, ట్రేలు

మొదటిసారి పెట్టేవాళ్లలో పది మందిలో ఎనిమిది మందికి నేను చెప్పేది ఇదే. తప్పు జరిగితే సంచి పక్కకు జరపొచ్చు, ఎండ మారితే తిప్పొచ్చు, ఇల్లు మారితే తీసుకెళ్లొచ్చు. మట్టి, ఎరువు కలిపి ఒక్కో సంచికి ఊరిని బట్టి 150 నుంచి 250 రూపాయలు అవుతుంది. నెలకు నాలుగైదు చొప్పున పెంచుకుంటూ పోతే భారం తెలియదు.

సంచి కొలత పంటను బట్టి ఉండాలి. మిర్చి, వంగ, బెండకు అడుగు వెడల్పు, అడుగు లోతు చాలు. బీర, కాకర, సొర లాంటి తీగలకు అడుగున్నర వెడల్పు తగ్గొద్దు. ఆకుకూరలకు గుండ్రటి సంచులు అసలు వద్దు. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ట్రేలు పది పెట్టుకుంటే 60 చదరపు అడుగులు వస్తాయి. పాత పెయింటు డబ్బాలు, పగిలిన టబ్బులు కూడా పనికొస్తాయి. అడుగున నాలుగు చిల్లులు, పక్కన అంగుళం ఎత్తులో రెండు చిల్లులు పెడితే చాలు.

మట్టి మిశ్రమం దగ్గరే తోట గెలుపోటములు తేలిపోతాయి. నాలుగు వంతులు ఎర్రమట్టి, మూడు వంతులు మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు), మూడు వంతులు కోకోపీట్, సంచికి గుప్పెడు వేపపిండి. ఎరువు మాగిందో లేదో చేత్తో చూడండి. గుప్పిట్లో పట్టుకుంటే చల్లగా ఉండాలి, పేడ వాసన పోయి తొలకరి మట్టి వాసన రావాలి, నలిపితే పొడిగా రాలాలి. ఇంకా వెచ్చగా ఉంటే అది వేర్లను కాల్చేస్తుంది. కలిపిన మట్టిని తడిపి గుప్పిట బిగించినప్పుడు ముద్ద కట్టాలి, వేలితో తాకితే విడిపోవాలి. ముద్ద విడకపోతే కోకోపీట్ పెంచండి.

సంచిలో మట్టి కొంచెమే కాబట్టి దాని బలం మూడు నెలల్లో తగ్గిపోతుంది. పదిహేను రోజులకోసారి ద్రవ జీవామృతం పోస్తే మొక్క నిలదొక్కుకుంటుంది. ఇంటి మోతాదు ఇది: 20 లీటర్ల నీళ్లకు కిలో ఆవు పేడ, లీటరు ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు మందులు తగలని మట్టి. నీడలో రెండు రోజులు ఉంచి, పూటకోసారి కర్రతో తిప్పి, పది రెట్లు నీళ్లు కలిపి మొక్క మొదట్లో పోయాలి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయం చేస్తున్న రైతులు ఎకరాకు 200 లీటర్లు వాడేది ఈ పాళ్లలోనే. పేడ దొరకని అపార్ట్‌మెంట్లో వర్మీకంపోస్ట్ నెలకు రెండు గుప్పెళ్లు వేసినా సరే.

లోపాలు కూడా వినండి. ఎండలో సంచి పక్కలు కాలిపోయి వేర్లు ఉడుకుతాయి. డాబా కాంక్రీటు రాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. మార్చి నుంచి జూన్ దాకా 50 శాతం నీడనిచ్చే షేడ్ నెట్, మట్టి మీద రెండంగుళాల ఎండుటాకులు, సంచుల్ని దూలాల మీదుగా, గోడల మీదుగా దగ్గర దగ్గరగా జరపడం, ఈ మూడూ చేయకపోతే మేలో ఏమీ మిగలదు. సంచిని నేరుగా శ్లాబ్ మీద పెట్టకుండా ఇటుకల మీదో స్టాండు మీదో పెట్టండి, కింద గాలి ఆడాలి. కింద పళ్లేలు పెడితే వాటిలో నిలిచిన నీళ్లు వారానికి ఒకసారైనా పారబోయాలి. డెంగీ దోమకు అంతకంటే ఏమీ అక్కర్లేదు.

పురుగుల సంగతి: రోజూ పొద్దున ఐదు నిమిషాలు ఆకుల్ని తిప్పి వెనక వైపు చూసే అలవాటు ఏ మందుకూ తీసిపోదు. బెండాకు వెనక తెల్లటి చిన్న దోమలు ఎగిరాయంటే పల్లాకు తెగులు రాబోతున్నట్టే. ఈనెలు పసుపు పచ్చగా మారిన మొక్కను జాలి పడకుండా పీకేయాలి, లేకపోతే వరసంతా పోతుంది. మందారం నుంచి వంగకు పాకే పిండినల్లికి లీటరు నీళ్లలో ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి. కోతులకు మాత్రం వేపనూనె పనిచేయదు. కోతులు తిరిగే కాలనీల్లో వల కట్టుకోవాలి, లేదా ఆకుకూరలు, మిర్చితో సరిపెట్టుకోవాలి.

మిద్దె మీద శాశ్వత మడులు

తెలుగునాట మిద్దెతోట అన్న మాట ఇంటింటికీ చేరడంలో హైదరాబాద్ శివారు నారపల్లిలో ఉండే రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారి పాత్ర పెద్దది. ఆయన్ను చూసి చాలామంది మడుల వైపు వచ్చారు. మడిలో మట్టి ఎక్కువ కాబట్టి తేమ నిలుస్తుంది, వానపాములు బతుకుతాయి, వేరు విస్తరిస్తుంది. రెండో ఏడాది నుంచి మడి మట్టి తనంతట తాను బాగుపడుతూ ఉంటుంది. సంచుల్లో అది కష్టం. ముల్లంగి, చేమ, పసుపు, కంద, పందిరి మీదికి పాకే సొర, బీర మడుల్లో వచ్చినట్టు సంచుల్లో రావు.

బదులుగా మీరు ఇచ్చేది: శ్లాబ్ బలం మీద పూర్తి భరోసా ఉండాలి, చేతిలో డబ్బుండాలి, కనీసం పదేళ్లు ఆ ఇంట్లోనే ఉండాలి. ఇటుక మడిని శ్లాబ్ మీద నేరుగా కట్టకండి. దూలాల మీద దిమ్మలు వేసి, వాటి మీద కడప బండ పరిచి, ఆ పైన అడుగు ఎత్తు గోడలు కడితే బరువు దూలాలకు దిగుతుంది, కింద ఊడ్చుకోవచ్చు, లీకేజీ వస్తే కనిపిస్తుంది. పిట్టగోడ పొడవునా, అది కింది గోడ మీదే ఉంటే, వరసగా కట్టుకోవడం అన్నింటికంటే క్షేమం. మడి వెడల్పు మూడడుగులు దాటితే గోడ వైపు చెయ్యి అందదు.

ఇంత ఖర్చు వద్దనుకుంటే సిల్పాలిన్ అనే దళసరి ప్లాస్టిక్ పట్టా మడులు, పొడవాటి బట్ట బెడ్లు దొరుకుతాయి. ఎండకు నాలుగైదేళ్లలో పెళుసెక్కుతాయి. వాటిలోనూ తేలిక మిశ్రమమే పోయాలి, చోటు దూలాల మీదే.

అపార్ట్‌మెంట్ టెర్రస్ అందరిదీ. అసోసియేషన్ కాగితం మీద ఒప్పుకోకుండా అక్కడ మడులు కడితే, కింది ఫ్లాట్‌లో చుక్క కారిన రోజు తోటే దోషి అవుతుంది. ఆ ఇంటివాళ్ల సీలింగు చెడిందంటే వాళ్ల బాధ నిజమైనదే కాబట్టి, ముందే మాట్లాడుకోవడం మర్యాద కూడా.

పెరటి నేల

ఇంటి చుట్టూ నాలుగడుగులైనా నేల మిగిలి ఉంటే దాని మీద టైల్స్ వేయకముందు ఒక్కసారి ఆలోచించండి. నేలలో పెరిగిన మొక్క వేసవిని తట్టుకున్నట్టు మిద్దె మీది మొక్క తట్టుకోలేదు. వేరు చల్లటి మట్టిలోకి దిగిపోతుంది. వాన నీళ్లు ఇంకి మీ బోరుకే చేరతాయి.

నేలను కూరగాయలతో కంటే చెట్లతో, ఏళ్ల తరబడి కాసే తీగలతో నింపడమే సరైన వాడకం. కరివేపాకు, మునగ, నిమ్మ, బొప్పాయి, గోడ వెంబడి దొండ పాదు. పీకేఎం-1 రకం మునగ విత్తనం వేసిన ఆరేడు నెలల్లో కాపుకు వస్తుంది, బొప్పాయి పది నెలల్లో. దొండ కొమ్మ ఒక్కటి గుచ్చితే ఏళ్ల తరబడి కాస్తుంది. మునగకు గొంగళి పురుగుల బెడద ఉంది కాబట్టి కిటికీ పక్కన నాటకండి. ఏటా కొమ్మలు నరికి ఎత్తు తగ్గిస్తే కాయ చేతికందుతుంది, గాలివానకు విరగదు.

పట్నం నేలలో ఒక చిక్కుంది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన కంకర, సిమెంటు, విరిగిన టైల్స్ అన్నీ ఆ నాలుగడుగుల్లోనే పూడ్చి ఉంటారు. రెండడుగుల గొయ్యి తవ్వి చూడండి. చెత్త వస్తే అంతమేర తీసి చెరువు మట్టి, పశువుల ఎరువు నింపాలి. సెప్టిక్ ట్యాంకు పక్కన ఆకుకూరలు, దుంపలు వేయకండి. గిన్నెలు కడిగిన నీళ్లు అరటి మొదట్లోకి వదలొచ్చు గానీ, పచ్చిగా తినే వాటికి వద్దు. పక్కింటివాళ్లు మూడంతస్తులు లేపితే మీ పెరటికి ఎండ పోతుంది, దానికి మందు లేదు. అప్పుడు నీడను ఓర్చుకునే పసుపు, అల్లం, తమలపాకు వైపు మళ్లండి.

హైడ్రోపోనిక్స్

ప్రకటనలు చూసి చాలామంది దీని దగ్గర ఆగుతారు. నీళ్లు నిజంగానే తక్కువ పడతాయి, బరువు తక్కువ, చేతికి మట్టి అంటదు. అయితే నీళ్లలో పోషకాల మోతాదు రోజూ చూసుకోవాలి, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం) 5.5 నుంచి 6.5 మధ్య ఉంచాలి. మన వేసవిలో గొట్టాల్లో నీళ్లు వేడెక్కి వేర్లు కుళ్లుతాయి. మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు పోయి పంపు ఆగితే మొక్కలు తల వాల్చేస్తాయి. ఇందులో హాయిగా పెరిగే లెట్యూస్ మన వంటింట్లో ఎంతమంది వాడతారు? గోంగూర, బీర, వంకాయ కావలసిన ఇంటికి ఇది సరైన దారి కాదని నా అభిప్రాయం. యంత్రాలంటే ఇష్టం ఉన్నవాళ్లు సరదాగా చిన్నది పెట్టుకోవచ్చు.

దగ్గరి రైతు దగ్గర కొనడం

దళారి లేకుండా రైతు తన పంట తానే అమ్ముకునే రైతు బజార్లు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరిలో మొదలయ్యాయి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, మెహిదీపట్నం, కూకట్‌పల్లి, విశాఖలో ఎంవీపీ కాలనీ, సీతమ్మధార బజార్లు నేటికీ తెల్లారకముందే నిండిపోతాయి. చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి చుట్టుపక్కల ఊళ్ల కూరగాయలు హైదరాబాద్‌కు, ఆనందపురం, పద్మనాభం వైపు పంట విశాఖకు వస్తాయి. రాత్రి కోసింది పొద్దున మన సంచిలో ఉంటుంది.

ఈ దారిని నేను రెండో తరగతిదిగా చూడను. 2023 జులైలో టమాటా కిలో 150 దాటినప్పుడు అందరూ మిద్దె మీద టమాటా వేయాలని పరుగెత్తారు. అదే మదనపల్లె మార్కెట్లో ధర పడిపోయిన ఏడాది రైతులు కోత కూలి కూడా రాక పంటను రోడ్డు పక్కన పారబోస్తారు. పట్నం మనిషి తన పది కుండీల్లో పది కిలోలు పండించుకోవడం మంచిదే, కానీ ధర పడినప్పుడు కూడా రైతు బజారుకు వెళ్లి ఆ రైతు దగ్గరే కొనడం వల్ల ఊరి పొలం వెంచర్‌గా మారకుండా నిలుస్తుంది. దగ్గరి తిండి కావాలంటే దగ్గర్లో రైతు ఉండాలి కదా.

కొనేటప్పుడు అమ్మే మనిషి రైతేనా అన్నది కాస్త గమనించాలి. ఒకే బల్ల మీద పదిహేను రకాలు, అందులో ఊటీ క్యారెట్ కూడా ఉంటే అది టోకు మార్కెట్ సరుకు. రెండు మూడు రకాలే ఉండి, కొలతలు రకరకాలుగా ఉండి, తోటకూర వేర్లకు ఇంకా తడిమట్టి అంటుకుని ఉంటే రైతు సరుకు అయ్యే అవకాశం ఎక్కువ. ‘ఏ ఊరమ్మా, ఎప్పుడు కోశారు?’ అని అడగండి. పండించిన మనిషి తడుముకోకుండా చెప్తుంది. బెండకాయ కొన తుంచితే టక్కున విరగాలి. పుచ్చు ఉన్న ఒకటి రెండు వంకాయలు బుట్టలో కనిపిస్తే భయపడనక్కర్లేదు. ఒక్క పుచ్చూ లేకుండా నిగనిగలాడే బుట్టను చూస్తేనే ఎన్నిసార్లు మందు కొట్టారా అని అనుమానం రావాలి.

దగ్గర్లో పండిందంటే మందులు లేకుండా పండిందని అర్థం కాదు. అది కావాలంటే, రైతులు ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకునే పీజీఎస్ ఇండియా ధ్రువీకరణ ఉన్న బృందాల దగ్గర, సేంద్రియ సరుకుకు వేసే జైవిక్ భారత్ గుర్తు ఉన్నది కొనండి. పీజీఎస్‌లో ‘గ్రీన్’ అంటే ఆ రైతు ఇంకా సేంద్రియానికి మారే దశలో ఉన్నాడని, ‘ఆర్గానిక్’ అంటే మారడం పూర్తయిందని. హైదరాబాద్‌లో సుస్థిర వ్యవసాయ కేంద్రం చొరవతో పుట్టిన ‘సహజ ఆహారం’ లాంటి రైతుల కంపెనీలు ఈ పని చేస్తున్నాయి. ధర ఎక్కువే ఉంటుంది. అన్నీ అక్కడ కొనలేకపోతే పచ్చిగా తినేవి, పిల్లలు ఎక్కువగా తినేవి అక్కడ కొనండి.

మీ ఇంటికి ఏది

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఫ్లాట్ వాళ్లైతే: బాల్కనీలో ఆరేడు కుండీలు మించొద్దు. కరివేపాకు, పుదీనా, కొత్తిమీర, మిర్చి, ఒక బచ్చలి తీగ. మిగతాదంతా వారానికోసారి రైతు బజారు. బచ్చలి ప్రత్యేకంగా చెప్తున్నాను, ఎందుకంటే ఆకు తుంచుతున్న కొద్దీ చిగురిస్తుంది, రెండు రోజులు నీళ్లు మరిచినా క్షమిస్తుంది.

సొంతిల్లు, ఇంట్లో రిటైరైన అమ్మానాన్నలు ఉంటే: మొదటి ఏడాది ఆకుకూరల ట్రేలు పది, సంచులు ఇరవై. అది ఒక వేసవి దాటితే, శ్లాబ్ చూపించుకుని, రెండో ఏడాది పిట్టగోడ వెంట మడులు. పెద్దవాళ్లు వంగి పని చేయలేరు కాబట్టి నడుమెత్తు స్టాండ్ల మీద ట్రేలు పెట్టండి. నీళ్ల డబ్బాలు మెట్ల మీద మోయకుండా పైనే కుళాయి ఉండాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషికి తోట భారమైందంటే దాదాపు ఎప్పుడూ నీళ్లు మోయడం వల్లే.

అద్దె ఇల్లైతే సంచులే. యజమాని తోట చూసి మెచ్చుకున్నా సరే, మడులకు డబ్బు పెట్టకండి.

పాత ఇల్లు, బలహీనమైన శ్లాబ్ ఉంటే పెరటి నేలకు, రైతు బజారుకు పరిమితం కావడమే మంచిది. ఇక్కడ రాజీ పడమని ఎవరు చెప్పినా వినొద్దు.

చిన్న పిల్లలున్న ఇంట్లో ఒక చిన్న ట్రేలో మెంతులు చల్లించండి. వారంలోపే మొలక, మూడు వారాల్లో కూర. పిల్లలు తాము పెంచిన ఆకు వద్దనరు.

ఎప్పుడు, ఏ విత్తనంతో

ఏ దారి ఎంచుకున్నా వేసవిలో మాత్రం మొదలుపెట్టకండి. జూన్ రెండో వారం నుంచి జులై దాకా బెండ, వంగ, మిర్చి, బీర, కాకర, గోంగూర. సెప్టెంబర్ చివర నారు పోస్తే అక్టోబర్‌లో టమాటా, కాలీఫ్లవర్ నాటుకోవచ్చు. కొత్తవాళ్లకు ఈ చలికాలపు పంట అన్నింటికంటే సులువు, పురుగు తక్కువ, నీళ్లు తక్కువ. జనవరి చివర దోస, సొర, గోరుచిక్కుడు పెట్టుకుంటే వేసవి మొదట్లో కాస్తాయి. తోటకూర, పాలకూర పదిహేను రోజులకో ట్రే చొప్పున చల్లుతూ పోతే ఒకేసారి ముదిరిపోకుండా వరసగా అందుతాయి.

విత్తనం కొనేటప్పుడు వీలైతే నాటు రకాలు అడగండి. హైబ్రిడ్ కాయ బాగా కాస్తుంది గానీ దాని గింజ మళ్లీ అదే కాయ ఇవ్వదు. నాటు బీరను ఒకటి తీగ మీదే ఎండనిస్తే ఏడాదికి సరిపడా విత్తనం చేతికొస్తుంది, పక్కింటికి కూడా ఇవ్వొచ్చు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా రైతులు పాత పంటల విత్తనాలు కాపాడుతూ వస్తున్నారు. మిద్దెతోటల వాళ్లు విత్తనాలు పంచుకునే ఆదివారపు కలయికలు కూడా పెద్ద ఊళ్లన్నిటిలో జరుగుతున్నాయి. శిక్షణ కావాలంటే మీ జిల్లా ఉద్యాన శాఖ కార్యాలయంలో అడగండి, రాయితీలు ఆ ఏడాది ఉన్నాయో లేదో కూడా అక్కడే తెలుస్తుంది.

పందిరి చిక్కుడు గురించి ఒక్క మాట, ఎందుకంటే ప్రతి ఏటా దీని మీద జనం నమ్మకం కోల్పోతారు. జులైలో గింజ పెడితే తీగ నాలుగు నెలలు పందిరంతా అల్లుకుంటుంది, ఒక్క పువ్వు కూడా పూయదు. నాటు చిక్కుడు పగలు చిన్నవైతేనే పూస్తుంది. అక్టోబర్‌లో విసుగొచ్చి పీకేయకండి. నవంబర్‌లో గెలలు వేసి సంక్రాంతికి కూర, ఫిబ్రవరి దాకా కాపు ఇస్తుంది.